చౌరస్తాలో నిలబడ్డవాడు ఎవరి మనిషి?
సేత్‌సింధీ నుంచి హోంగార్డు దాకా

ఎల్‌బీ నగర్ చౌరస్తా మనందరికీ తెలిసిందే. నల్లగొండ, ఖమ్మం, బెజవాడ తొవ్వల నుంచి వచ్చే బస్సులు పట్నంలో అడుగుపెట్టేది ఇక్కడే. ఊళ్ళో పని దొరకనివాళ్ళు, చదువు కోసం వచ్చినవాళ్ళు, భూమి పోయినవాళ్ళు మూట నెత్తిన పెట్టుకొని దిగేది ఇక్కడే. 2007 దాకా ఎల్‌బీ నగర్ ఒక వేరే మున్సిపాలిటీ. పక్కన గడ్డిఅన్నారం ఇంకొకటి. ఆ ఏడాది రెండూ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసినయి. 2018లో మెట్రో రైలు కూడా ఇక్కడిదాకా వచ్చింది. ఊరు పెరిగింది, రోడ్డు పెరిగింది, వంతెనలు లేచినయి. వంతెన కింద ఎండలో నిలబడి చెయ్యి ఊపుతూ బండ్లను ఆపే మనిషి మాత్రం అట్లనే ఉన్నడు.

ఆ మనిషిని మనం పోలీసు అంటాం. దగ్గరికి పోయి చూస్తే చాలాసార్లు పోలీసు కాదు, హోంగార్డు. పోలీసు చేసే పని చేస్తడు, పోలీసు తినే తిట్లు తింటడు, పండుగ నాడు పోలీసుతో పాటే బందోబస్తుకు పోతడు. ఈ మనిషి గురించి మేము అడగదలచుకున్న ప్రశ్న చాలా చిన్నది. ఇతను సర్కారు మనిషా, కాదా?

జవాబు ఏ కిటికీ ముందు నిలబడి అడుగుతున్నామన్న దాన్నిబట్టి ఉంటది. పింఛను కిటికీ దగ్గర అడిగితే, కాదు, నువ్వు స్వచ్ఛంద సేవకుడివి అంటారు. రేషన్ కార్డు కిటికీ దగ్గర అడిగితే, నీకు నెలనెలా సర్కారు సొమ్ము వస్తున్నది కదా, నువ్వు పేదవాడివి ఎట్లయితవు అంటారు. ఒకే మనిషి, ఒకే సర్కారు, రెండు జవాబులు. ఇది గుమాస్తా పొరపాటు కాదనీ, దీని వెనక పాత చరిత్ర ఉందనీ మేము అనుకుంటున్నాం. ఈ వ్యాసం ఆ చరిత్ర గురించి.

1. చేనిచ్చి కాపలా పెట్టుకున్న పద్ధతి

నిజాం కాలంలో తెలంగాణ ఊరికి ముగ్గురు పెద్దలు. శిస్తు వసూలుకు మాలీ పటేలు, లెక్కలకు పట్వారీ, శాంతిభద్రతలకు పోలీసు పటేలు. వీళ్ళు వతన్‌దారులు. కొలువు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. వీళ్ళ గురించి కథల్లో, చరిత్ర పుస్తకాల్లో చాలానే రాశారు. వీళ్ళ కింద పనిచేసినవాళ్ళ గురించి రాసింది తక్కువ. సేత్‌సింధీ, నీరడి, మస్కూరి, తలారి, బేగరి అని ప్రాంతాన్నిబట్టి పేర్లు. చాలా ఊళ్ళల్లో వీళ్ళు మాల, మాదిగ, ముత్రాసి వంటి కింది కులాలవాళ్ళు.

సేత్‌సింధీ అన్న మాటలోనే దాని చరిత్ర ఉంది. మరాఠీలో శేత్ అంటే చేను. సనదు అంటే రాజు ఇచ్చే పత్రం. శేత్‌సనదీ అంటే, సనదు మీద ఇంత చేను పొంది బదులుగా కాపలా కాసేవాడు. 1956 దాకా మరాఠ్వాడా జిల్లాలు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండినయి కాబట్టి ఆ మాట మన తెలుగు ఊళ్ళకూ వచ్చి, నోళ్ళలో అరిగి సేత్‌సింధీ అయింది.

అతని పని ఏమిటి? రాత్రి గస్తీ తిరగాలె. దొంగ దొరికితే కట్టేసి ఠాణాకు నడిపించుకు పోవాలె. శవం దొరికితే పంచనామా అయ్యేదాకా పక్కన కూచోవాలె. పోలీసు పటేలు చిట్టీ ఇస్తే ఎన్ని కోసులైనా నడవాలె. అమీన్ సాబ్ ఊరికి వస్తే ఆయన గుర్రానికి గడ్డి, ఆయనకు నీళ్ళు, కోడి. ఇందులో ఏది కొలువు, ఏది వెట్టి అన్నది ఎవరూ గీత గీయలేదు. గీత గీయకపోవడంలోనే ఆ పద్ధతి బలం ఉంది.

జీతం అడిగితే, నీకు ఇనాం చెక్క ఉంది కదా అనేవాళ్ళు. ఆ చెక్క ఇంటిల్లిపాదికీ నాలుగు నెలల గింజలు కూడా ఇవ్వదు. సరే, చేను చాలట్లేదు, కూలికి పోతానంటే, నువ్వు సర్కారు మనిషివి, పిలిస్తే పలకాలె, ఊరు దాటొద్దు అనేవాళ్ళు. జీతం దగ్గర ఊరి మనిషి, పని దగ్గర సర్కారు మనిషి. మా ప్రశ్నకు మొదటి జవాబు ఇక్కడ దొరుకుతుంది.

దీన్ని అందరికంటే ముందు చట్టసభలో నిలదీసినవాడు బాబాసాహెబ్ అంబేద్కర్. బొంబాయి రాష్ట్రంలో మహర్లకు ఇట్లాంటిదే మహర్ వతన్ ఉండేది. చిన్న భూమి చెక్క, ఊరివాళ్ళు పెట్టే గింజలు. దానికి బదులు ఇల్లంతా రాత్రీ పగలూ సర్కారుకు బాకీ. ఇంటి పెద్ద జబ్బుపడితే కొడుకు, కొడుకు లేకపోతే ఆడవాళ్ళు పలకాలె. 1928లో అంబేద్కర్ బొంబాయి లెజిస్లేటివ్ కౌన్సిల్‌లో వంశపారంపర్య కొలువుల చట్టాన్ని సవరించే బిల్లు పెట్టారు. ఆయన వాదన సారం సూటిగా ఉంది. సర్కారు పని చేయించుకుంటే సర్కారే నికరమైన జీతం ఇవ్వాలె, లేదా ఆ మనిషిని వదిలిపెట్టాలె. ఆ వతన్లు పూర్తిగా రద్దు కావడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. చట్టం 1958లో వచ్చింది. అప్పటికి అంబేద్కర్ లేరు.

మన దగ్గర పటేల్ పట్వారీ వ్యవస్థ 1984లో పోయింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో దాన్ని తీసేసింది. పెద్దలు పోయిండ్రు కానీ కింద పనిచేసే గ్రామ సేవకులు అట్లనే మిగిలిండ్రు. 2007లో వాళ్ళ పేరు గ్రామ రెవెన్యూ సహాయకులుగా మారింది, కానీ వాళ్ళకు వచ్చేది గౌరవ వేతనమే. 2022లో వీఆర్ఏలు 80 రోజులు సమ్మె చేశారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఇరవై వేల మందికి పైగా వీఆర్ఏలను వేరువేరు శాఖల్లో ఉద్యోగులుగా సర్దుబాటు చేసింది. నిజాం కాలపు కింది కొలువులో ఒక పాయ అట్లా వందేళ్ళకు సర్కారీ ఉద్యోగం అయింది.

ఇంకొక పాయ, అంటే గస్తీ, కాపలా, బందోబస్తు, ఏమయింది? అది ఊరు విడిచి పట్నం వచ్చింది. సేత్‌సింధీ మనుమలే హోంగార్డులయ్యారని మేము అనడం లేదు. వంశం కాదు, పద్ధతి వచ్చింది.

2. డిసెంబర్ 6

మన దేశంలో హోంగార్డుల సంస్థ 1946 డిసెంబర్ 6న బొంబాయిలో మొదలయింది. మతకలహాల కాలం. అప్పటి బొంబాయి హోం మంత్రి మొరార్జీ దేశాయ్. పోలీసులు చాలడం లేదు కాబట్టి పౌరులే స్వచ్ఛందంగా ముందుకు రావాలని పిలిచారు. ఉద్యోగాలు, వ్యాపారాలు ఉన్నవాళ్ళు ఖాళీ సమయంలో దేశానికి సేవ చేస్తారన్నది దాని వెనక ఊహ. మద్రాసు రాష్ట్రం 1948లో హోంగార్డుల చట్టం చేసింది. అదే తర్వాత ఆంధ్రప్రదేశ్ చట్టంగా, ఇప్పుడు తెలంగాణ చట్టంగా నడుస్తున్నది. 1962 చైనా యుద్ధం తర్వాత దేశమంతా దీన్ని ఒకే తీరుగా పెంచాలని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది.

ఆ చట్టంలోని ఊహలో ఒక మనిషి ఉన్నడు. అతనికి ఇల్లుంది, బతుకుదెరువు ఉంది, సాయంత్రం రెండు గంటలు తీరిక ఉంది. అతనికి జీతం అక్కరలేదు, చేతిఖర్చు చాలు. అందుకే చట్టం జీతం అనదు, భత్యం అంటది. ఉద్యోగం అనదు, సేవ అంటది.

నిజంగా చేరినవాళ్ళు ఎవరు? తీరిక ఉన్నవాళ్ళు కాదు, పని లేనివాళ్ళు. పదో తరగతి దగ్గర ఆగిపోయినవాళ్ళు, కానిస్టేబుల్ పరీక్షలో పరుగు గెలిచి రాతలో పోయినవాళ్ళు, భూమి లేక పట్నం వచ్చినవాళ్ళు. వాళ్ళకు అది సాయంత్రపు సేవ కాదు, ఇరవై ఏళ్ళ బతుకుదెరువు. చట్టం ఊహించిన పెద్దమనిషి పోయి, ఆ బట్టల్లోకి మన వాడల పిల్లలు వచ్చారు. బట్టలు మారలేదు, చట్టమూ మారలేదు.

డిసెంబర్ 6 ఇంకొకందుకు మనకు ముఖ్యం. 1956లో అదే రోజు అంబేద్కర్ మనల్ని విడిచి వెళ్ళారు. ఏటా ఆ రోజు ఒక మైదానంలో హోంగార్డుల అవతరణ దినం పరేడ్ జరుగుతుంది, ఊరూరా అంబేద్కర్ విగ్రహాలకు పూలదండలు పడతాయి. 1992లో బాబ్రీ మసీదును కూల్చింది కూడా అదే తేదీన కాబట్టి పట్నంలో బందోబస్తు గట్టిగా ఉంటుంది. ఆ రోజు దళిత హోంగార్డు ఎక్కడ నిలబడాలె? పరేడ్‌లోనో, బందోబస్తులోనో. విగ్రహం దగ్గర పూలదండతో నిలబడే వీలు అతనికి తక్కువ. జీతం లేని కాపలా తప్పని 1928లోనే చెప్పినవాడి వర్ధంతి నాడు, ఆ కాపలా కాస్తున్నవాడు డ్యూటీలో ఉంటడు.

3. కోర్టు ఒక చెయ్యి ఇచ్చింది, ఒక చెయ్యి తీసింది

హోంగార్డుల గురించి 2015 మార్చి 11న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. హిమాచల్ ప్రదేశ్ హోంగార్డుల సంఘం వేసిన కేసు అది. మన కార్యకర్తలు దాన్ని తప్పక తెలుసుకోవాలె. తీర్పు రెండు మాటలు చెప్పింది. ఒకటి, హోంగార్డులను రెగ్యులర్ చేయమని ఆదేశించలేము, అది స్వచ్ఛంద సంస్థ. రెండు, డ్యూటీలో ఉన్నప్పుడు వాళ్ళకు పోలీసు అధికారాలు ఉంటాయి, పోలీసు పనే చేస్తారు, కాబట్టి నెలంతా డ్యూటీ చేస్తే వచ్చే భత్యం ఆ రాష్ట్రంలోని పోలీసు సిబ్బంది కనీస వేతనానికి తగ్గకుండా ఉండాలె.

రెండో మాట న్యాయమైంది. దాంతోనే చాలా రాష్ట్రాల్లో భత్యాలు పెరిగినయి. కానీ మొదటి మాటతో ఏమయింది? సొమ్ము పోలీసు లెక్కన, హోదా స్వచ్ఛంద సేవకుడి లెక్కన అయింది. పింఛను లేదు. ఉద్యోగం నుంచి తీసేటప్పుడు విచారణ జరపాలన్న రాజ్యాంగం 311వ అధికరణ రక్షణ లేదు. రిజర్వేషన్ల గురించి చెప్పే 16(4) నియామకాలు, పోస్టుల గురించి మాట్లాడుతుంది కానీ స్వచ్ఛంద సేవ గురించి మాట్లాడదు. తెలంగాణలో 2020 పే రివిజన్ ప్రకారం కానిస్టేబుల్ మూలవేతనం 24,280 రూపాయల నుంచి మొదలవుతుంది. దాని మీద డీఏ, ఇంటద్దె భత్యం కలుస్తాయి. ఏటా ఇంక్రిమెంటు వస్తుంది. 2024 చివరిదాకా హోంగార్డుకు రోజుకు 921 అంటే 921, అంతే. డ్యూటీ చేసిన రోజుకే లెక్క.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పుకోవాలె. 2009 నవంబర్ 29న ఇదే ఎల్‌బీ నగర్ చౌరస్తాలో నల్లగొండ పిల్లవాడు కాసోజు శ్రీకాంతాచారి తెలంగాణ కోసం ఒంటికి నిప్పంటించుకున్నడు. నాలుగు రోజులకు చనిపోయిండు. నీళ్ళు, నిధులు, నియామకాలు అన్న మాట మీద ఆ రాష్ట్రం 2014లో వచ్చింది. 2023 సెప్టెంబర్‌లో అదే రాష్ట్రంలో, ఇదే పట్నంలో, గోషామహల్‌లోని హోంగార్డు కమాండెంట్ కార్యాలయం దగ్గర ఒక హోంగార్డు జీతం సమయానికి రాలేదన్న బాధతో నిప్పంటించుకున్నడు. అతనూ కొద్ది రోజులకే చనిపోయిండు. ప్రాణం తీసుకోవడాన్ని మేము పోరాటంగా చూపదలచుకోలేదు, ఎవరూ ఆ తొవ్వ పట్టొద్దు. కానీ జీతం ఆలస్యమైతే అడగడానికి సంఘం, సమ్మె, కోర్టు అన్న మూడు తలుపులూ సరిగా తెరవకపోతే మనిషి ఎంత ఒంటరి అవుతాడో ఆ సంఘటన చెప్పింది. వీఆర్ఏలు 80 రోజులు రోడ్డు మీద కూచోగలిగిండ్రు. యూనిఫారం వేసుకున్నవాడు ఆ పని చేస్తే మరునాడు డ్యూటీ ఉండదు.

4. పెరిగిన జీతం, పోయిన కార్డు

ఇప్పుడు లెక్కకు వద్దాం. విద్యార్థులు కాగితం, పెన్ను తీసుకొని ఈ లెక్క తామే వేసుకోవాలని మా కోరిక.

తెలంగాణలో ఆహార భద్రత కార్డుకు ఆదాయ పరిమితి ఊళ్ళల్లో ఏడాదికి 1.5 లక్షలు, పట్నాల్లో 2 లక్షలు. ఇది 2014 తర్వాత పెట్టుకున్న గీత. ఆ కార్డు ఒక్క బియ్యం కోసమే కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీకి అదే తాళంచెవి. 2015లో మొదలైన డబుల్ బెడ్‌రూం ఇళ్ళకూ పేద కుటుంబమని రుజువు ఆ కార్డే. 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం వస్తున్నదీ దాని మీదనే.

రాష్ట్రం వచ్చిన కొత్తలో హోంగార్డు భత్యం రోజుకు 400 చేశారు. నెలకు 12,000. ఏడాదికి 1,44,000. పట్నం గీత 2 లక్షలు కాబట్టి అతను గీతకు లోపలే ఉన్నడు.

2017 డిసెంబర్‌లో ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావు హోంగార్డులను ప్రగతి భవన్‌కు పిలిచి నెలకు 20,000 ప్రకటించారు. అదే సభలో హోంగార్డులకు డబుల్ బెడ్‌రూం ఇళ్ళు కూడా ఇస్తామన్నారు. చప్పట్లు మోగినయి. జీతం పెరగడం మంచిదే, మేము కాదనం. కానీ 20,000ను పన్నెండుతో హెచ్చవేస్తే 2,40,000. గీత 2 లక్షల దగ్గరే ఉంది. అంటే ఇల్లు ఇస్తామన్న సభలోనే, ఆ ఇంటికి కావలసిన కార్డు గీత అతన్ని దాటిపోయింది. ఒక చేత్తో ఇల్లు చూపించి, రెండో చేత్తో తలుపు మూసినట్టయింది. కావాలని చేశారని మేము అనడం లేదు. రెండు శాఖల రెండు కాగితాలను ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. చూడకపోవడానికి కారణం, ఆ మనిషి ఏ శాఖకూ సొంత మనిషి కాకపోవడం.

ఇంకా ముందుకు పోదాం. భత్యం 921 అయింది. నెలంతా డ్యూటీ చేస్తే 27,630. ఏడాదికి 3,31,560. ఈసారి ఇంకొక గీత దాటింది. దళిత పిల్లలకు పదో తరగతి తర్వాత ఇచ్చే కేంద్ర స్కాలర్‌షిప్పుకు తల్లిదండ్రుల ఆదాయ పరిమితి 2.5 లక్షలు. 20,000 ఉన్నప్పుడు ఆ గీత లోపల ఉన్న హోంగార్డు కూతురు, 921 రాగానే గీత బయట పడ్డది. 2024 డిసెంబర్‌లో రేవంత్ రెడ్డి ప్రభుత్వం భత్యాన్ని 1,000 చేస్తున్నట్టు ప్రకటించింది. 2025 జనవరి నుంచి అమలు. వారం వారం పరేడ్ భత్యం 100 నుంచి 200 అయింది. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 5 లక్షలు. ఇవన్నీ కావలసినవే. నెలకు 30 రోజులూ డ్యూటీ చేస్తే ఏడాదికి 3,60,000. 2025లో వచ్చిన రాజీవ్ యువ వికాసం స్వయం ఉపాధి పథకానికీ పట్నంలో గీత 2 లక్షలే. ఆ ఇంట్లో కొడుకు ఆటో కొనుక్కుందామన్నా దరఖాస్తు దగ్గరే ఆగుతడు.

ఇందులో దాచిన అన్యాయం ఇంకొకటి ఉంది. ఎల్‌బీ నగర్‌లో ఇంటద్దె, పిల్లల ఫీజు, ఆసుపత్రి ఖర్చు కానిస్టేబుల్‌కైనా హోంగార్డుకైనా ఒక్కటే. కానిస్టేబుల్‌కు ఆ గీతకు బయట పింఛను, సెలవు, వైద్యం, ఇంక్రిమెంటు ఉన్నయి. హోంగార్డుకు గీతకు బయట ఏమీ లేదు. గీత లోపలున్న కూలీకి కార్డు ఉంది. గీత అవతల ఉన్న ఉద్యోగికి కొలువు ఉంది. గీత మీద నిలబడ్డవాడికి రెండూ లేవు.

అసలు ఆ గీతలు అందరికీ ఒక్కటేనా? 2019లో 103వ రాజ్యాంగ సవరణ వచ్చింది. అగ్రకులాల్లో ఆర్థికంగా వెనుకబడినవాళ్ళకు పది శాతం రిజర్వేషన్ వచ్చింది. వాళ్ళు పేదలో కాదో తేల్చే ఆదాయ గీత ఏడాదికి 8 లక్షలు. దళితులు, ఆదివాసీలు, బీసీలు అందులోకి రారు. 2022 నవంబర్ 7న సుప్రీంకోర్టు ముగ్గురు, ఇద్దరు న్యాయమూర్తుల తేడాతో దాన్ని సమర్థించింది. కాబట్టి ఇప్పుడు మన దేశంలో పేదరికానికి రెండు కొలపాత్రలున్నయి. 7.9 లక్షల అగ్రకుల కుటుంబం పేద కుటుంబం. 3.3 లక్షల దళిత హోంగార్డు కుటుంబం స్కాలర్‌షిప్పుకు పనికిరానంత ఉన్నవాళ్ళ కుటుంబం. దీన్ని వివరించగల ఆర్థికశాస్త్రం మాకు కనపడలేదు. కులశాస్త్రం మాత్రం చక్కగా వివరిస్తుంది.

5. దళితబంధు చెప్పిన వేరే మాట

ఈ గీతల మధ్యన ఒకే ఒక్క పథకం వేరే సూత్రం మాట్లాడింది. 2021 ఆగస్టు 16న హుజూరాబాద్ దగ్గర శాలపల్లి సభలో దళితబంధును మొదలుపెడుతూ చంద్రశేఖర రావు ఒక మాట అన్నారు. కుటుంబానికి పది లక్షలు, అప్పు కాదు, తిరిగి కట్టనక్కరలేదు. సర్కారీ ఉద్యోగం చేస్తున్న దళిత కుటుంబాలకు కూడా వస్తుంది. ముందు పేదలకు, చివర ఉద్యోగులకు.

అది ఉప ఎన్నిక ముందటి సభ అని మాకు తెలుసు. ఆ ఎన్నిక అక్టోబర్‌లో జరిగింది. ఓట్ల లెక్క లేకుండా ఆ మాట పుట్టలేదు. అయినా మాటలోని సూత్రాన్ని మనం పట్టుకోవాలె. దళిత కానిస్టేబుల్‌కు కూడా అర్హత ఉందని చెప్పడమంటే, ఇది ఆకలికి వేసే ముద్ద కాదు, తరతరాల బాకీ అని ఒప్పుకోవడం. బాకీ తీర్చేటప్పుడు, నీకు నెల జీతం వస్తున్నది కదా, నీ బాకీ రద్దు అనరు. సేత్‌సింధీ తాత చేసిన గస్తీకి కూలి ఇవ్వలేదంటే, మనుమడు యూనిఫారం తొడిగినంత మాత్రాన ఆ లెక్క చెల్లిపోదు.

సూత్రం గొప్పది, నడిచిన తీరు వేరు. హుజూరాబాద్‌లో అందరికీ అన్నారు. మిగతా నియోజకవర్గాల్లో మొదట వంద కుటుంబాల చొప్పున మొదలుపెట్టారు. పేర్లు ఎంచే పని ఎమ్మెల్యేల చేతికి పోయింది. చివరి వరుస అన్నది ఎన్నటికీ రాని వరుస అయింది. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది, పథకం ఆగింది. పథకం ఆగితే సూత్రం కూడా ఆగాలా అన్నదే మన ముందున్న ప్రశ్న.

ఆంధ్రప్రదేశ్ నుంచి ఇంకొక పాఠం ఉంది. 2019 తర్వాత అక్కడ నవరత్నాల పథకాలకు అర్హత నియమాలు పెట్టినప్పుడు, ఇంట్లో సర్కారు ఉద్యోగి ఉంటే కుటుంబానికి అర్హత లేదన్నారు. కానీ పారిశుద్ధ్య కార్మికులకు ఆ నియమం నుంచి మినహాయింపు ఇచ్చారు. అంటే సర్కారు సొమ్ము అందుకునే ప్రతివాడూ ఉన్నవాడు కాదని ఒక ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకున్నది. ఊడ్చేవాడికి ఇవ్వగలిగిన మినహాయింపు కాపలా కాసేవాడికి ఇవ్వడానికి అడ్డేమిటి?

6. లాఠీ పట్టినవాడి కోసం మనమెందుకు?

ఈ వ్యాసం చదివే కార్యకర్తల్లో కొందరికి ఇప్పటికే కోపం వచ్చి ఉంటుంది. వచ్చే కోపం న్యాయమైందే. 1991 ఆగస్టు 6న చుండూరులో పోలీసులు ఊళ్ళో ఉండగానే దళితులను వేటాడి చంపారు. మన అనుభవంలో పోలీసు ఠాణా న్యాయం దొరికే చోటు కాదు. 2023 ఆగస్టు 15 రాత్రి ఎల్‌బీ నగర్ పోలీసు స్టేషన్‌లో ఒక గిరిజన స్త్రీని కొట్టారన్న విషయం బయటపడింది. స్వాతంత్ర్య దినం రాత్రి అది. ఒక హెడ్ కానిస్టేబుల్, ఒక మహిళా కానిస్టేబుల్ సస్పెండ్ అయ్యారు. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఇట్లాంటి వ్యవస్థలో పనిచేసేవాళ్ళకు పథకాలు అడగడమేంది అని ఎవరన్నా అడిగితే మేము తప్పించుకోము.

మా జవాబు ఇది. ఠాణా చేసే అన్యాయాన్ని ఎదిరించడం ఒక పని. ఠాణాలో అట్టడుగున ఉన్నవాడికి జరిగే అన్యాయాన్ని చూడటం ఇంకొక పని. ఒకటి చేస్తే రెండోది చేయొద్దన్న నియమం లేదు. పైగా రెండూ ఒక దారానికే కట్టి ఉన్నయి. హక్కులేని మనిషి చేతికి లాఠీ ఇస్తే అతను పైవాడి మాట కాదనలేడు. రేపు డ్యూటీ ఉంటుందో లేదో తెలియనివాడు, ఈ పని తప్పు, నేను చేయను అని ఎట్లా అంటడు? పోలీసు పటేలు సేత్‌సింధీతో మాలవాడ మీద చేయించిన జులుం మనకు తెలుసు. చేసిన చెయ్యి కూడా మాలవాడదే. ఆ చేతికి సొంత జీతం, సొంత హక్కు ఉండి ఉంటే కథ అంతా మారేదని మేము అనం, కొంతైనా మారేది. అంబేద్కర్ వతన్ రద్దు అడిగింది వట్టి జీతం కోసం కాదు, కాదు అనగలిగే ధైర్యం కోసం.

ఇంకొక అభ్యంతరం కూడా ఉంది. హోంగార్డుకు కార్డు ఇస్తే అడ్డా మీద కూలీకి వచ్చేది తగ్గదా? కూలీకి ముందు రావాలన్నదాంట్లో మాకు రెండో మాట లేదు. రెగ్యులర్ కానిస్టేబుల్‌కు రేషన్ కార్డు కావాలని కూడా మేము అడగడం లేదు. అతనికి కొలువుంది. మేము అడిగేది ఒకటే. ఒక మనిషిని ఉద్యోగి అనండి, లేదా పేదవాడు అనండి. రెండూ కాదనే అధికారం సర్కారుకు లేదు.

7. ఏం అడగాలె

మొదటిది, హోంగార్డుల్లో ఏ కులంవాళ్ళు ఎందరో సర్కారు ప్రకటించాలె. 2024లో ఇల్లిల్లూ తిరిగి కులగణన చేసిన రాష్ట్రానికి ఇది కష్టమైన పని కాదు. సొంత రిజిస్టరు తెరిస్తే చాలు.

రెండోది, వీఆర్ఏలకు చేసిన సర్దుబాటును హోంగార్డులకూ చెయ్యాలె. కోర్టు ఆదేశించలేనన్నది గానీ సర్కారును చేయొద్దనలేదు.

మూడోది, అది జరిగేదాకా, వాళ్ళ రోజు భత్యాన్ని జీతంగా లెక్కకట్టి కార్డు, ఆరోగ్యశ్రీ, ఇల్లు, స్కాలర్‌షిప్పు తీసేయొద్దు. పారిశుద్ధ్య కార్మికులకు పక్క రాష్ట్రంలో ఇచ్చిన మినహాయింపు లాంటిదే ఇక్కడా కావాలె.

నాలుగోది, దళిత పిల్లల స్కాలర్‌షిప్పు గీతను అగ్రకుల పేదల గీతతో సమానం చెయ్యాలె. 8 లక్షలు ఒకరికి పేదరికమైతే అందరికీ పేదరికమే.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. మీ తరగతిలో హోంగార్డు పిల్లలు ఉంటారు. స్కాలర్‌షిప్పు దరఖాస్తు నింపేటప్పుడు తండ్రి వృత్తి అన్న గడి దగ్గర వాళ్ళు ఒక్క క్షణం ఆగుతారు. సర్కారీ ఉద్యోగం అని రాయాలా, కూలి అని రాయాలా వాళ్ళకు తెలియదు. దాన్ని పిల్లల తికమక అనుకోవద్దు. సేత్‌సింధీ కాలం నుంచి మన సర్కార్లు ఖాళీగా వదిలిపెట్టిన గడి అది. దాన్ని నింపే బాధ్యత ఆ పిల్లలది కాదు, మనందరిది.